కార్తీకంలో కొలిచిన ఆకలి

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, సోమవారం

ఈ పలక మీద రోజూ ఏదో ఒకటి రాసి పంపమని అయిదు తీరాల కూటమి వారు నన్ను నియమించారు. మా వీధిలో పన్నెండో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో ఈ గౌరవం నాకు దక్కింది. మీ భాషలో, మనసు విప్పి రాయండి అన్నారు. రాసి పంపగానే ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని పలక మీద వస్తుంది. ఒకసారి పరీక్షగా ఒట్టి సున్నాలు చుట్టి పంపాను. అప్పుడూ అమూల్యమనే వచ్చింది. కాబట్టి ఇది ఎవరూ చదవరన్న ధైర్యంతో నిజంగానే మనసు విప్పుతున్నాను.

ఈరోజు పొద్దున కిటికీ తెరుచుకోలేదు.

సముద్రం మా ఊళ్ళను మింగేశాక స్తంభాల మీద కట్టించిన ఇళ్ళు ఇవి. ఎత్తుకాలనీ అంటారు. ఎవరింట్లోనూ పొయ్యి ఉండదు. ఒత్తి దీపం దాకా సరే, పొయ్యి మాత్రం కూడదన్నారు. వీధి చివర ఒక గోడ, గోడలో ఒక కిటికీ, దాని వెనక వండే యంత్రం. చేతి కడియం చూపిస్తే పళ్ళెం బయటికి వస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. పొలాలూ చెరువులూ పోయినవాళ్ళకి కూటమి వారు ఇచ్చే సామాజిక భద్రత అంటే ఈ కిటికీయే.

అందరం కడియాలు చాపి నిలబడ్డాం. పళ్ళెం రాలేదు గాని తియ్యటి గొంతు ఒకటి వచ్చింది. ఉమ్మడి పరిశోధన ఫలితంగా మా భద్రతా పథకం మరింత పటిష్ఠమైందట. ఇక నుంచి మాకు రోజుకు ఒక పూటేనట, అదీ సూర్యాస్తమయం తర్వాతేనట. అయిదు తీరాల శాస్త్రవేత్తల తరఫున శుభాకాంక్షలట.

పక్కన మా వదిన బుల్లెమ్మ నిలబడి ఉంది. మా ఆయనకు అక్క. ఆయన పోయాక ఆవిడా నేనూ ఒకే గదిలో ఉంటున్నాం.

"పటిష్ఠం అంటే ఏటే వేణీ?" అంది.

"గట్టిపడడం వొదినా."

"మరి గట్టిపడితే పళ్ళెం రావాలి గదా."

"గట్టిపడింది పథకం వొదినా. మనం కాదు."

"ఓహో. అయితే రేపొద్దున్న పథకాన్నే నిలబడమను కిటికీ ముందు. నేనెల్లి తొంగుంటాను" అని కర్ర పుచ్చుకుని వెనక్కి తిరిగింది. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆకలి మీద నవ్వడం మావాళ్ళకి అలవాటే.

ఆశ్వయుజ శుద్ధ తదియ, బుధవారం

ఎందుకు ఒక పూట? అందులోనూ ఎందుకు చీకటి పడ్డాకే? రెండు రోజులు ఈ ప్రశ్నే నన్ను తొలిచింది. ఇవాళ పరిశోధన నివేదికను కిటికీ మీది తెర మీద పెట్టారు, అందరూ చదువుకుని ఆనందించాలని.

కడియం గురించి చెప్పాలి. ఇది తిండి ఒక్కటే చూడదు. నాడి చూస్తుంది, చుట్టూ వినపడే చప్పుళ్ళు వింటుంది, మనసు ఎలా ఉందో దాని మీది పూస రంగులో చూపిస్తుంది. స్థిమితంగా ఉంటే ఆకుపచ్చ, కలతగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. గాజులు తీసేసిన నా చేతికి కూటమి వారు మళ్ళీ గాజు తొడిగారు. ఆచారం సంగతి వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు.

నివేదికలో ఇలా ఉంది: ‘ఈ తీరవాసులు పగటిపూట ఆహారం కోరరు. చీకటి పడ్డాక ఒకేసారి, స్వల్పంగా భుజిస్తారు. ఆ సమయంలో వారి సంతృప్తి మిగిలిన నాలుగు తీరాల కన్నా చాలా ఎక్కువ.’

పెద్దగా చదివి వినిపించాను. వదిన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది.

"ఎప్పుడు కొలిచేరే మనల్ని?"

"పోయినేడు. దీపావళి మర్నాటి నుంచి నెల్లాళ్ళు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకు తట్టలేదు. దీపావళి మర్నాటి నుంచి నెల్లాళ్ళంటే కార్తీకమాసం. అంతా ఆడవాళ్ళమే ఉన్న ఈ వీధిలో, వదినా పక్కింటి కరుణా తప్ప, అందరం నక్షత్రం చూశాక గాని ముద్ద ముట్టలేదు. పగలంతా శివనామం. సాయంత్రం స్తంభాల మెట్లు దిగి నీళ్ళలో దీపాలు వదిలి, చేతులు జోడించి, ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. దీపం నీటి మీద కదిలిపోతుంటే చూసినవాళ్ళ పూస ఆకుపచ్చగా కాక ఇంకెలా ఉంటుంది?

మా వ్రతాన్ని మా ఆకలి అనుకున్నారు. దేవుడి కోసం మానుకున్న అన్నాన్ని మాకు అక్కర్లేని అన్నంగా లెక్కేశారు. అయిదు తీరాల్లో ఇన్ని విద్యాలయాలు కలిసి, ఇన్ని యంత్రాలు పెట్టి, చివరికి తేల్చిన సత్యం ఇదీ.

కరుణ తెరచాపలు కుడుతుంది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే మనిషి, కార్తీకంతో పనిలేదు.

"నేను మూడు పూటలా తిన్నాను గదా అక్కా. నా గురించేం రాయలేదా?" అంది.

వెతికితే ఆఖరున చిన్న అక్షరాల్లో దొరికింది. ‘ఇద్దరి కొలతలు అసాధారణంగా ఉన్నందున పరిగణనలోకి తీసుకోలేదు.’

"అసాధారణమా?" కరుణ సూది దారం పక్కన పెట్టింది. "మా ఇంట్లో ఎవరూ నన్నింత మాట అన్లేదక్కా. మూడు పూటలా తిన్నందుకు."

ఆశ్వయుజ శుద్ధ దశమి, బుధవారం

విజయదశమి. మా గదిలో మాత్రం గెలుపు వదినదే, నాది కాదు.

వదినకు చక్కెర జబ్బు. వేళకు తినకపోతే ఒళ్ళు చెమటలు పట్టి వణుకుతుంది. ఈ సంగతి కడియానికి తెలుసు. కూటమికీ తెలుసు. కానీ వేళలు మార్చాలంటే అయిదు తీరాలూ సంతకాలు పెట్టాలట.

అందుకని నేను ఒక ఉపాయం చేశాను. రాత్రి నా పళ్ళెంలో అన్నాన్ని ఇంటికి తెచ్చి, నీళ్ళు పోసి, ఉప్పు వేసి మూత పెడితే పొద్దున్నకి చద్దన్నం. అది వదినకి పెట్టేదాన్ని. నువ్వు తినవా అంటే, నవరాత్రులు కదా వొదినా, ఉపవాసం అనేదాన్ని.

ఇవాళ గిన్నె ముందు పెట్టగానే వదిన దాన్ని పక్కకి జరిపింది.

"నవరాత్రులు అయిపోయినియ్యి. అమ్మోరు ఎల్లిపోయింది. ఇంకా ఎవరికే ఈ ఉపాసం?"

నేను గిన్నె మళ్ళీ ఆవిడ వైపు జరిపాను.

"రాత్రీ తినక, పగలూ తినక, దేవుడి పేరు చెప్పి నాకెడతన్నావా? నువ్వు అబద్ధాలాడతన్నావని తెలుసా నీ దేవుడికి?"

"తెలుసు వొదినా. ఆయనకి చెప్పే ఆడాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు."

"ఆయనెప్పుడూ అంతే." అన్నాన్ని రెండు గిన్నెల్లోకి పంచి ఒకటి నా ముందుకి తోసింది. "నువ్వు తినకపోతే నేనూ తినను. నీ దేవుడి మీదొట్టు. నా మీద ఒట్టేసుకుంటే ఎక్కువ కాలం పని చెయ్యదు."

సగం సగం తిన్నాం. ఆ సగం ఆవిడకి చాలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆశ్వయుజ పూర్ణిమ, సోమవారం

మధ్యాహ్నం వదిన వాకిట్లో పడిపోయింది.

చేతులు చల్లబడ్డాయి. మాట ముద్దగా వస్తోంది. వీధి మలుపులో ఉన్న వైద్యపెట్టె దగ్గరికి కరుణా నేనూ మోసుకెళ్ళాం. పెట్టె వదిన కడియాన్ని చూసి, ‘పూస ఆకుపచ్చగా ఉంది. ప్రమాదం లేదు. మీ సంతృప్తికి సంతోషిస్తున్నాం’ అని తలుపు వేసేసుకుంది.

పూస ఆకుపచ్చగా ఎందుకుందో చెప్తాను. మోసుకెళ్తున్నంతసేపూ వదిన పరాచికాలాడుతూనే ఉంది. "పెళ్ళిలో కూడా నన్నింత జాగ్రత్తగా మొయ్యలేదే" అని. ఆ మాటకి తనే నవ్వుకుంది. చచ్చేటప్పుడు నవ్వేవాళ్ళని బతికించే గడి ఆ పెట్టెలో లేదు.

ఇంటికి పరుగెత్తి దేవుడి దగ్గర నైవేద్యానికి దాచిన బెల్లం ముక్క తెచ్చి ఆవిడ నాలుక కింద పెట్టాను. కాసేపటికి చూపు కుదురుకుంది.

"దేవుడి సొమ్ము తినిపించేవా" అంది.

"ఆయనదే కదా వొదినా. ఆయనే ఇచ్చాడనుకో."

"మరి ఇచ్చేవోడు ఇడ్లీ ఇవ్వచ్చు గదా."

కరుణ ఒకటి చెప్పింది. నవ్వకుండా మొహం ముడుచుకుని ఉంటే పూస ఎర్రబడుతుందని, అప్పుడైనా పెట్టె మందిస్తుందని. వదిన ప్రయత్నించింది. కనుబొమ్మలు ముడిచి, మూతి బిగించి, కరుణ మొహంలోకి చూసింది. ఇద్దరూ పకపకా నవ్వేశారు. ఆకుపచ్చ.

ఇంకోసారి పడితే ఆ బెల్లం కూడా లేదు. నాకు నవ్వు రాలేదు.

ఆశ్వయుజ బహుళ పంచమి, శనివారం

కూటమి పడవ వచ్చింది. అయిదు జెండాలు కట్టుకుని, ఊరేగింపుగా. మా మీద పరిశోధన విజయవంతమైన సందర్భంగా మా కాలనీలోనే సమావేశం పెట్టారు. ఒక్కొక్కరూ తమ భాషలో తక్కిన నలుగురినీ పొగిడారు. యంత్రం వెంట వెంటనే అనువదించింది. చప్పట్లను మాత్రం అనువదించనక్కర్లేకపోయింది. కార్యక్రమంలో మొదటి అంశం: తీరప్రాంతాల్లో ఆకలి. రెండో అంశం: భోజన విరామం. మేం గోడ అవతల నిలబడి రెండో అంశం వాసన చూశాం.

మా తీరం తరఫున వచ్చినతను డాక్టర్ ప్రణీత్. ముప్పై దాటి ఉండవు. మర్యాదస్థుడు. సమావేశం అయ్యాక నేను వెళ్ళి నమస్కారం పెట్టాను. వదిన కర్ర పుచ్చుకుని వెంట వచ్చింది.

"బాబూ, మీరు మమ్మల్ని కొలిచింది కార్తీకమాసంలో. అప్పుడు మేం పగలు తినం" అన్నాను.

"తెలుసండీ అమ్మగారూ. మా బామ్మ కూడా చేస్తారు."

తెలియదనుకుని, ఎలా చెప్పాలా అని నాలుగు రోజులుగా మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. తెలుసు అన్నాక ఆ మాటలన్నీ ఏం చేసుకోవాలో తోచలేదు.

"తెలిసీ రాయలేదా బాబూ?"

"రాయడానికి కొలత పత్రంలో గడి లేదండి. ఏ ప్రశ్నయినా అయిదు తీరాలూ ఒప్పుకుంటేనే పెట్టాలి. దక్షిణ తీరం వాళ్ళు తమ పౌర్ణమి వ్రతాలకి గడి కావాలన్నారు. తూర్పు తీరం వాళ్ళు రంజాన్‌కి అడిగారు. ఒకరిది పెట్టి ఒకరిది మానితే కూటమి నిలవదు. ఏడాది చర్చించి, అందరి పండగలూ సమానంగా వదిలేశామండి." ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతని మొహంలో కొంచెం గర్వం కూడా కనపడింది.

"పోనీ వేరే నెలలో కొలవండి."

"అయిదు చోట్లా ఒకేసారి కొలవాలండి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. అన్ని తీరాల మధ్యా పడవలు తిరిగేది ఈ రోజుల్లోనే. మళ్ళీ కొలత దీపావళి మర్నాటి నుంచి మొదలు."

వదిన కర్ర ఆనించుకుని ముందుకొచ్చింది. "మీ బామ్మగారు కార్తీకం అయ్యాక మళ్ళీ తింటారా బాబూ?" అనడిగింది.

"తింటారండి."

"అదృష్టవంతురాలు. ఆవిణ్ణెవరూ కొలవలేదు."

అతను తల దించుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. కొలత జరిగే నెలంతా కిటికీ పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, ఎంత కావాలంటే అంత. ఏ వేళకి ఎంత తిన్నామో, ఎంత సంతృప్తిగా తిన్నామో చూసి, వచ్చే ఏడంతా దాన్నే ఇస్తారు. పోయినసారి సంతకాలకి ఇన్ని నెలలు పట్టింది గాని, ఈసారి నెల తిరగ్గానే అమలట.

"తినండి అమ్మగారూ. నేను చెప్పానని అనకండి" అన్నాడు.

నన్ను వ్రతం మానమని చెప్పడానికి అయిదు జెండాల పడవ కావలసి వచ్చింది.

ఆశ్వయుజ అమావాస్య, మంగళవారం

దీపావళి. దీపాలు పెట్టాక ఆడవాళ్ళందరినీ మెట్ల దగ్గర కూర్చోబెట్టాను. నేను ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తలేదు. పూజలో కూడా నా మంత్రం నా పక్కవాళ్ళకి వినపడదని పేరు.

ఈ కార్తీకం ఎవరూ ఉపవాసం ఉండొద్దని చెప్పాను. పగలు తినాలి, కడియానికి కనపడేలా తినాలి అని.

ఒకావిడ, "సత్యవేణమ్మా, నువ్వేనా ఈ మాట అంటున్నది" అంది.

నేనే. పన్నెండో ఏట మా అమ్మ పట్టించిన వ్రతం. ఒక్క ఏడు కూడా తప్పలేదు. మా ఆయన పోయిన ఏడు కూడా మెట్లు దిగి దీపం వదిలాను. ఆ నెల్లాళ్ళే నాకు ఏడాది మొత్తానికి ఊపిరి. ఇవన్నీ వాళ్ళకి చెప్పలేదు. "బుల్లెమ్మ వదిన ఇంకోసారి పడితే లేవదు" అని మాత్రం అన్నాను.

ఒక్కొక్కరే సరేనన్నారు. వదిన అక్కడ లేదు. ఉంటే ఒప్పుకునేది కాదు.

కార్తీక శుద్ధ చవితి, శనివారం

నాగుల చవితి నాడు పొద్దున్నే స్నానం చేసి కిటికీ దగ్గరికి వెళ్ళి ఇడ్లీ తిన్నాను.

నాలుగు రోజులుగా తింటున్నాం. ముద్ద గొంతు దిగదు. ఒకరి మొహం ఒకరం చూసుకోం. మందు మింగినట్టు మింగి ఇంటికి వెళ్ళి దేవుడి వైపు చూడలేక తలుపు దగ్గర కూర్చుంటున్నాం. వీధిలో అందరి పూసలూ చామంతి పువ్వుల్లా పసుపెక్కాయి, కరుణదీ వదినదీ తప్ప.

ఇవాళ మధ్యాహ్నం ప్రణీత్ వచ్చాడు. చేతిలో పలక పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు.

"తింటున్నారు, బాగుందండి. కానీ పూసలు..." అని ఆగాడు. "తిండి పెరిగేకొద్దీ సంతృప్తి పడిపోతోంది. సమావేశంలో అందరూ ఉత్సాహపడుతున్నారు. కొత్త విషయం కదా. ఈ తీరంలో ఆహారం మనస్తాపానికి కారణమని ముసాయిదాలో రాస్తున్నారు."

"రాస్తే?"

"ఇలాగే నెలాఖరు దాకా ఉంటే, ఆ రాత్రి పూట కూడా తగ్గించమని సిఫారసు చేస్తారండి. మీ సంక్షేమం కోసం."

ఎంత దయ. తింటే బాధపడుతున్నామని తిండి తీసేస్తారు. రేపు ఏడిస్తే కళ్ళు తీసేస్తారేమో, కన్నీళ్ళకి కారణం అవే అని.

తినడం చాలదు. సంతోషంగా తినాలి. కార్తీకంలో, పగలు, వ్రతం చెడగొట్టుకుంటూ, సంతోషంగా. ఇది ఎలా చేస్తారో ఏ విద్యాలయంలో నేర్పుతారో వాళ్ళనే అడగాలి.

కార్తీక శుద్ధ షష్ఠి, సోమవారం

మొదటి కార్తీక సోమవారం.

మధ్యాహ్నం పళ్ళెం తెచ్చుకుని గదిలో కూర్చున్నాను. పప్పన్నం కలిపాను. చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి అన్నంలో పడ్డాయి. ఎదురుగా వదిన తింటూ ఆగిపోయింది. ఆవిడ చేతి వైపు చూశాను. పడిపోయినప్పుడు కూడా ఆకుపచ్చగా ఉన్న పూస పసుపు రంగుకి తిరిగింది.

"నువ్వేడుస్తా తింటే నాకెలా దిగుద్దే?" అంది. తర్వాత, "ఇదంతా నా గురించేనా?" అంది.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"కరుణ చెప్పింది. మెట్ల కాడ నువ్వేమన్నావో." కర్ర అందుకుని లేవబోయి మళ్ళీ కూలబడింది. "నేను పోతే పోతాను గాని, నీ వ్రతం మింగి బతకడం నాకిష్టం లేదు."

"వొదినా, అలా అనొద్దు."

"అనక? ముప్ఫయ్యేళ్ళ నుంచీ చూత్తన్నాను. కార్తీకం వత్తే నీ మొకం ఎలా ఉంటదో నాకు తెలుసు. ఇప్పుడు చూడు."

పళ్ళేలు చల్లారాయి. వదిన గోడ మీది పటాల వైపు చూస్తోంది. ఆవిడ ఎప్పుడూ దేవుడికి దణ్ణం పెట్టగా నేను చూడలేదు. అమ్మోరి జాతర్లో బూరెల కోసమే నిలబడేది.

"ఏమే, ఆ మూల గరిటె పట్టుకున్నావిడెవరు?"

"అన్నపూర్ణమ్మ వొదినా."

"ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడ్డది?"

"శివుడు. ఆవిడ దగ్గర భిక్ష తీసుకుంటున్నాడు."

"మరి ఏడవడేం ఆయన?"

నాకర్థం కాలేదు.

"ఆకలికి తాళలేక పెళ్ళాం ముందు గిన్నె పట్టుకున్నోడు ఆయన. ఆయన కోసం నువ్వు తినడం మానేత్తే ఆవిడేమనుకుంటదే? వండినావిడ?" చేత్తో పళ్ళెం నా వైపు తోసింది. "ఆవిడకి పెట్టి తిను. పెసాదం కాదంటే పాపం అని నువ్వే అంటావు గదా. నా నోట్లో బెల్లం పెట్టినప్పుడు ఆయనే ఇచ్చేడన్నావు. మరి నీకెందుకివ్వడు?"

నేను లేచాను. చేతులు కడుక్కున్నాను. కిటికీకి వెళ్ళి కొత్త పళ్ళెం తెచ్చి, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గంట తీసి, అన్నపూర్ణమ్మ ముందు పెట్టి నైవేద్యం చేశాను. గంట మోగించాను. తర్వాత కళ్ళకద్దుకుని మొదటి ముద్ద తిన్నాను. దిగింది. నేను మామూలుగా మాట్లాడను, కానీ ఆ ముద్ద నోట్లో ఉండగానే ఆవిడతో ఏదో మాట్లాడాను. ఏమన్నానో ఈ పలకకి చెప్పను.

నా పూస చూసుకోలేదు. వదినే చూసి చెప్పింది.

సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది.

కార్తీక పూర్ణిమ, బుధవారం

పొద్దున్నా మధ్యాహ్నం ఎవరి పళ్ళెం వాళ్ళు కిటికీ దగ్గరే దేవుడికి చూపించి తింటున్నారు. గంట నాదే. అందరికీ ఒకేసారి మోగిస్తున్నాను. సాయంత్రం దీపాలు వదిలాం. ఈ ఏడు దీపాలు తగ్గుతాయనుకున్నాను, తగ్గలేదు.

కరుణ కూడా మా పక్కనే నిలబడి తన ప్రార్థన తను చేసుకుని తింటోంది. ఆవిడ ఎప్పుడూ అలాగే తింటుంది.

"ఈసారి నన్ను కొట్టెయ్యరు గదా అక్కా?" అంది. "ఈ ఏడు నేను సాధారణమే గదా?"

వదిన మొహం తేటపడింది. చెమటలు పట్టడం లేదు.

మార్గశిర శుద్ధ సప్తమి, గురువారం

నివేదిక వచ్చి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం పూట ఇవ్వడానికి ఒప్పుకోలేదు గాని, పొద్దున పూట మళ్ళీ ఇస్తారట. వదినకి కావలసింది అదే. రాత్రిది ఉండనే ఉంది. శివుడికీ అన్నపూర్ణకూ దణ్ణం పెట్టుకున్నాను.

ఇక్కడితో ఆపి ఉంటే నేనూ కూటమి వారిని క్షమించి ఉండేదాన్ని.

నివేదికలో అసలు ముఖ్యాంశం ఇంకొకటి ఉంది. నెల మొదటి వారంలో తిన్నా సంతృప్తి లేకపోవడానికీ, తర్వాత ఉండడానికీ తేడా ఏమిటని అయిదు తీరాల పండితులు కూర్చుని వెతికారు. కడియాలు విన్న చప్పుళ్ళలో దొరికింది. ‘భోజనానికి ముందు వినిపించే ఇత్తడి ధ్వని ఈ తీరవాసుల సంతృప్తికి మూలకారణం.’ అందుకని అయిదు తీరాల్లోనూ అన్ని కిటికీలకీ గంట బిగిస్తారట. ఉమ్మడి పరిశోధన వల్ల మాత్రమే ఇంత సులువైన, అందరికీ పనికొచ్చే పరిష్కారం సాధ్యమైందట. తూర్పు తీరంలో రొట్టె తినేవాళ్ళూ, దక్షిణ తీరంలో జావ తాగేవాళ్ళూ ఇక నుంచి గంట విని సంతృప్తి పడాలి.

ఆ రోజే ప్రణీత్ నా దగ్గరికి వచ్చాడు. మొహంలో మొహం పెట్టి చూడలేదు.

"వాళ్ళకి నిజం చెప్పలేదా బాబూ?"

"గడి లేదండి" అన్నాడు మెల్లిగా. తర్వాత, "అసలు ధ్వని నమూనాగా మీ గంట కావాలన్నారు. కూటమి కేంద్రంలో అద్దాల పెట్టెలో పెడతారు. మీ పేరు కూడా రాస్తారు."

మా అమ్మ గంట. నలభై ఏళ్ళుగా నా చేతిలో మోగింది. ఇవ్వకపోతే గంట బిగించడం ఆలస్యమవుతుంది, గంట బిగించేదాకా పొద్దున పూట మొదలుకాదు. అంత స్పష్టంగా అతను అనలేదు. అననక్కర్లేదు. గుడ్డలో చుట్టి ఇచ్చాను.

"వచ్చే ఏడు మళ్ళీ కొలుస్తారా?" అనడిగాను.

"దీపావళి మర్నాటి నుంచండి."

ఇవాళ మార్గశిర లక్ష్మివారం. నా పూజకు గంట లేదు. అందుకని పొద్దున్నే దీపం పెట్టి, కర్పూరం పళ్ళెంలో సిద్ధంగా ఉంచుకుని, తలుపు తీసి కూర్చున్నాను. వీధి చివర కిటికీ మోగగానే హారతి ఇచ్చాను. అయిదు తీరాల శాస్త్రవేత్తలూ కలిసి నాకు వాయిస్తున్న గంట అది. ఆ సంగతి వాళ్ళకి తెలిస్తే ఇంకో నివేదిక రాస్తారు.

హారతి కళ్ళకద్దుకుని బయటికి చూశాను. వదిన అప్పటికే కిటికీ ముందు కర్ర ఆనించి, పళ్ళెం కోసం రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. వెనక లైన్లో కరుణ ఉంది. గంట ఆగలేదు. నెమ్మదిగా, శాస్త్రప్రకారం, ఇంకా మోగుతూనే ఉంది.

"మోగింది చాల్లే" అంది వదిన కిటికీతో. "ముందు పెట్టు."